వేదిక మీద కోట్లు, ఖాతాలో కోట్లు

సంపాదకుల వారికి నమస్కారం.

హైదరాబాద్‌లో గానీ విశాఖలో గానీ అంకుర సంస్థలనూ పెట్టుబడిదారులనూ ఒకచోట కలిపే సదస్సు జరిగితే, మర్నాటి బిజినెస్ పేజీలో వార్త దాదాపు ఒకే అచ్చులో వస్తుంది. ఇన్ని స్టార్టప్‌లు వచ్చాయి, ఇంతమంది ఇన్వెస్టర్లు వచ్చారు, ఇన్ని కోట్ల పెట్టుబడికి 'ఆసక్తి' వ్యక్తమైంది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! ఆసక్తికీ, టర్మ్ షీట్‌కీ (పెట్టుబడి షరతుల ముసాయిదాకీ), బ్యాంకు ఖాతాలో పడే డబ్బుకీ మధ్య నెలల తరబడి పని ఉంటుంది. ఆ పనిలో సగం సదస్సుకు వెళ్లకముందే అయిపోయి ఉండాలి. మేము స్టార్టప్‌ల లెక్కలు, కంపెనీల చట్టం ఫారాలు చూసే వృత్తిలో ఉన్నాం. వేదిక మీద మూడు నిమిషాలు సరిగ్గా మాట్లాడలేక పోగొట్టుకునే పెట్టుబడి కన్నా, ఫైలులో ఉండాల్సిన కాగితం లేక ఆగిపోయే పెట్టుబడే ఎక్కువ. కనుక మీ పాఠకుల్లో టెక్నాలజీ కంపెనీ పెట్టి నిధుల కోసం తిరుగుతున్నవాళ్లకు పనికొస్తుందని ఈ ఉత్తరం కాస్త పొడుగ్గానే రాస్తున్నాం.

మొదట హాల్లో ఎవరుంటారో తెలియాలి. మెడలో ట్యాగ్ వేసుకున్న ప్రతివారూ డబ్బు పెట్టేవారు కాదు. లాయర్లు, ఆఫీసు స్థలం అద్దెకిచ్చేవాళ్లు, క్లౌడ్ కంపెనీల సేల్స్ మనుషులు, మాలాంటి ఆడిటర్లు, అందరూ మీ దగ్గర బేరం దొరుకుతుందేమోనని వచ్చినవాళ్లే. నిజంగా డబ్బు పెట్టేవాళ్లలోనూ రెండు జాతులున్నాయి. ఏంజెల్ ఇన్వెస్టర్ పెట్టేది సొంత డబ్బు, నిర్ణయం కూడా సొంతమే. వెంచర్ క్యాపిటల్ ఫండ్ పెట్టేది ఇతరుల డబ్బు. మన దేశంలో ఇవి సెబీ 2012లో తెచ్చిన ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ నిబంధనల కింద నమోదవుతాయి. ఫండ్‌లో చేరే వ్యక్తి సాధారణంగా కనీసం కోటి రూపాయలు పెట్టాలి. ఫండ్‌కు ఒక ఆయుష్షు ఉంటుంది, ఎనిమిది పదేళ్లు మామూలు. కొత్త కంపెనీల్లో డబ్బు పెట్టేది అందులో మొదటి మూడు నాలుగేళ్లే. ఆ తర్వాత ఉన్న సొమ్మును పాత కంపెనీలకు దాచుకుంటారు. అందుకే ఫండ్ మనిషి ఎదురైతే అడగాల్సిన మొదటి ప్రశ్న "మీకు మా ఐడియా నచ్చిందా" అని కాదు. "మీ ఫండ్ ఏ సంవత్సరంలో మొదలైంది, ఈ ఏడాది కొత్త కంపెనీల్లో పెడుతున్నారా, మొదటి చెక్కు ఎంత ఉంటుంది" అని. ఐదు కోట్లకు తక్కువ పెట్టని ఫండ్ దగ్గర యాభై లక్షలు అడిగితే ఇద్దరి సమయమూ వృథా. సదస్సులకు ఎక్కువగా వచ్చేది అనలిస్టులు, అసోసియేట్లు. వాళ్లు మిమ్మల్ని ఇన్వెస్ట్‌మెంట్ కమిటీ దాకా తీసుకెళ్లగలరు గానీ, సరేనని చెప్పే అధికారం వాళ్లకు ఉండదు. ఫండ్ పేరు సెబీ వెబ్‌సైటులోని నమోదైన ఫండ్ల జాబితాలో ఉందో లేదో చూడటానికి రెండు నిమిషాలు చాలు.

ఇక కాగితాలు. ఫండ్ కొనేది షేర్లు. కనుక కంపెనీ ప్రైవేట్ లిమిటెడ్ అయి ఉండాలి. ఎల్‌ఎల్‌పీకి (పరిమిత బాధ్యత భాగస్వామ్యానికి) షేర్లుండవు, ప్రొప్రైటర్‌షిప్‌కు (ఒక్కరి సొంత వ్యాపారానికి) అసలు విడి అస్తిత్వమే లేదు. ఎల్‌ఎల్‌పీని కంపెనీగా మార్చవచ్చు గానీ పత్రికా ప్రకటనలు, అభ్యంతరాల గడువు, రిజిస్ట్రార్ ప్రశ్నలు కలిసి నెలలు పడుతుంది. సదస్సులో ఆసక్తి చూపిన మనిషి అన్నాళ్లు ఆగడు. కంపెనీ ఒక పేరు మీద, జీఎస్టీ నమోదు అన్నయ్య ప్రొప్రైటర్‌షిప్ మీద, డొమైన్ పేరు స్నేహితుడి సొంత ఈమెయిల్ మీద ఉండటం మన దగ్గర సర్వసాధారణం. ఇవన్నీ ముందే కంపెనీ పేరిట మార్చుకోవాలి.

ఎవరికి ఎన్ని షేర్లున్నాయో చూపే పట్టికను క్యాప్ టేబుల్ అంటారు. ఎక్కువ ఒప్పందాలు తెగేది ఇక్కడే. మొదట్లో ఐదు లక్షలిచ్చిన బంధువుకు 30 శాతం రాసిచ్చి ఉంటారు. రెండేళ్ల కిందట ఉద్యోగానికి వెళ్లిపోయిన సహ వ్యవస్థాపకుడి పేరు మీద 25 శాతం అలాగే ఉంటుంది. ఇన్‌క్యుబేటర్‌కు (కొత్త కంపెనీలకు చోటు, సాయం ఇచ్చే సంస్థకు) రాసిచ్చిన వాటా, ఎవరికో నోటిమాటగా ఒప్పుకున్న రెండు శాతం వీటికి తోడు. పని చేస్తున్న ఇద్దరికీ కలిపి సగం కూడా మిగలని కంపెనీలో ఏ ఫండూ పెట్టదు. రాబోయే రౌండ్లలో (పెట్టుబడి విడతల్లో) ఆ సగం ఇంకా తగ్గుతుంది, అప్పుడు వాళ్లకు పని చేయాలన్న ఆశే ఉండదు. మందు ఏమిటంటే వ్యవస్థాపకుల మధ్య వెస్టింగ్ ఒప్పందం. నాలుగేళ్లలో వాటా క్రమంగా సొంతమవుతుంది. మొదటి ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ రాదు. దీన్ని గొడవ వచ్చాక రాయించుకోవడం కుదరదు, స్నేహం బాగున్నప్పుడే రాసుకోవాలి. వెళ్లిపోయినవాడి షేర్లు వెనక్కి కొనాలంటే అతనితో సదస్సుకు ముందే మాట్లాడి బదిలీ పత్రం మీద సంతకం తీసుకోండి. పెట్టుబడి వస్తోందని తెలిశాక అతని ధర వేరే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు అసలు గమనించనిది సోర్స్ కోడ్ యాజమాన్యం. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం జీతగాడు ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ యజమానిది. కానీ బయట ఫ్రీలాన్సర్ రాసిన కోడ్, మీరు డబ్బు పూర్తిగా చెల్లించినా, రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు అతనిదే. ఆ బదిలీ పత్రంలోనూ గోతులున్నాయి. సెక్షన్ 19 ప్రకారం కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లకే అని అర్థం, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. బదిలీ అయిన హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది పోతుంది, పత్రంలో వేరేగా రాసుకుంటే తప్ప. కనుక శాశ్వతంగా, ప్రపంచమంతటా, వాడకపోయినా రద్దు కాని విధంగా అని స్పష్టంగా రాయించాలి. కంపెనీ నమోదు కాకముందు ఫౌండర్లు తామే రాసిన కోడ్‌కు కూడా ఇలాంటి పత్రం కావాలి. అప్పటికి కంపెనీయే లేదు కదా, వాళ్లు ఎవరి ఉద్యోగులు? ఇంజినీరింగ్ కాలేజీ ప్రయోగశాలలోనో, పాత ఉద్యోగంలో ఇచ్చిన లాప్‌టాప్ మీదో రాసి ఉంటే అక్కడి నిబంధనలు కూడా చదువుకోవాలి.

పరికరం తయారు చేసేవాళ్లు ఒక విషయం మరవకూడదు. పేటెంట్ దరఖాస్తు వేయకముందే వేదిక మీద దాని పనితీరు విప్పి చూపిస్తే కొత్తదనం పోయినట్టే. పేటెంట్ చట్టంలో ఉన్న 12 నెలల వెసులుబాటు కేంద్రం నోటిఫై చేసిన ప్రదర్శనల వంటి కొద్ది సందర్భాలకే, ఇన్వెస్టర్ల ముందు కంపెనీ గురించి చెప్పుకునే మామూలు పిచ్ సదస్సుకు అది వర్తించదు. ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తుకు స్టార్టప్‌లకు ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలు. అది వేశాక పూర్తి వివరాలు సమర్పించడానికి 12 నెలల గడువుంటుంది. సదస్సుకు ముందు వారం ఈ పని చేయండి. ఇన్వెస్టర్‌ను గోప్యతా ఒప్పందం మీద సంతకం అడగటం మాత్రం వద్దు. రోజుకు పది కంపెనీలను చూసేవాళ్లు మొదటి సమావేశంలో సంతకం పెట్టరు, అడిగినవాళ్లకు అనుభవం లేదని అనుకుంటారు. చెప్పకూడనిది చెప్పకపోతే సరి.

లెక్కల సంగతికి ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచి, తెల్లవారుజామున అది పడిపోతే రైతు ఫోన్ మోగించి ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) ఆన్ చేసే పరికరం. చాలామంది స్లైడు మీద దేశంలో చెరువులన్నీ లెక్కేసి, "అందులో ఒక్క శాతం మాకు వచ్చినా" అని మొదలుపెడతారు. ఆ ఒక్క శాతం ఎక్కడినుంచి ఊడిపడుతుందో ఎవరూ చెప్పరు. దాని బదులు కింది నుంచి రావాలి. మా టెక్నీషియన్ ఒక్కడు రోజుకు రెండు పరికరాలు బిగించగలడు, నెలలో ఇరవై రోజులు, అంటే నలభై. ఇద్దరుంటే ఎనభై. ఒక మేత డీలర్ చేతిలో ఇంతమంది రైతులు, అలాంటి డీలర్లు ఫలానా మండలాల్లో ఇంతమంది. ఇలా చెబితే వినేవాడు పెన్ను తీస్తాడు.

ఒక్కో పరికరం మీద ఏం మిగులుతుందో చెప్పగలగాలి. ధర 24,000 అనుకుందాం. సెన్సర్, బోర్డు, సిమ్ మోడెం, డబ్బా, సోలార్ పలక కలిపి 15,000. డీలర్ కమిషన్ 3,000. బిగించడానికి మనిషి వెళ్లి రావడానికి 2,000. మిగిలింది 4,000. నెలకు 600 సేవా రుసుము, అందులో డేటా, సర్వర్, మరమ్మతులు 300 పోతే నికరం 300. నాచు పట్టిన సెన్సర్ కొన తుడవటానికి మనిషి వెళ్లాలి కదా, ఆ ఖర్చు ఈ మరమ్మతుల్లోనే రావాలి. దాన్ని మర్చిపోయిన పట్టికలే ఎక్కువ. ఒక రైతును ఒప్పించడానికి మీటింగులు, నమూనా చెరువులు కలిపి 5,000 అయితే, ఏడాదంతా రుసుము కడితే 4,000 కు 3,600 కలిపి 5,000 తీసేస్తే 2,600 మిగులు. కానీ రైతు రెండు పంటలకూ కలిపి ఎనిమిది నెలలే కడతాడు, చెరువు ఎండబెట్టిన నెలల్లో కట్టడు. అప్పుడు మిగులు 1,400. వేదిక మీద 2,600 చెప్పి, ప్రశ్నల్లో 1,400 అని బయటపడితే మిగతా అంకెలు కూడా ఎవరూ నమ్మరు. మొదటే 1,400 చెప్పి, దాన్ని ఎలా పెంచుతారో చెప్పినవాళ్లను నమ్ముతారు.

అమ్మకాల అంకెలో జీఎస్టీ కలపడం మరో తప్పు. 18 శాతం పన్నుతో బిల్లు 28,320 అయినా మీ ఆదాయం 24,000 మాత్రమే. యాభై పరికరాలకు అది 12 లక్షలు, 14 లక్షల 16 వేలు కాదు. తర్వాత వాళ్ల ఆడిటర్ జీఎస్టీఆర్-1, 3బీ రిటర్నులూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. ఉచితంగా బిగించిన పైలట్‌ను కస్టమర్ అనకండి. ఉద్దేశ పత్రాన్ని ఆర్డర్ అనకండి. మార్కెట్‌ప్లేస్ నడిపేవాళ్లు తమ ద్వారా చేతులు మారిన మొత్తం సరుకు విలువను ఆదాయంగా చూపకండి, మీ కమిషనే మీ ఆదాయం. ఇంకొకటి, స్లైడ్లలో లక్షలు వాడితే అంతటా లక్షలే వాడండి. మిలియన్ అంటే పది లక్షలు. 2.5 మిలియన్ అని రాసుకుని నోటితో రెండున్నర కోట్లు అనేసే పొరపాటు మైకు ముందు చాలా తేలిగ్గా జరుగుతుంది.

ఎంత అడగాలన్నది నోటికొచ్చిన అంకె కాకూడదు. పై కంపెనీకి నెలకు 8.5 లక్షల నికర ఖర్చు, 18 నెలలకు 1.53 కోట్లు. 300 పరికరాల విడిభాగాలు ముందుగా కొనడానికి 45 లక్షలు. మొత్తం 1.98 కోట్లు, కనుక అడిగేది 2 కోట్లు. పద్దెనిమిది నెలలకు డబ్బు తెచ్చుకుంటే, తర్వాతి రౌండ్‌కు చూపించే ఫలితం పన్నెండో నెలకే చేతికి రావాలి. మిగతా ఆరు నెలలు ఆ రౌండ్ తెచ్చుకోవడానికే సరిపోతాయి. ఈ ఆరు నెలలను ప్లానులో పెట్టనివాళ్లు ఖాతా అడుగంటాక బేరమాడాల్సి వస్తుంది. అప్పుడు ధర అవతలివాళ్లే చెబుతారు.

స్లైడ్ల సంగతి క్లుప్తంగా. పది పన్నెండు చాలు. పీడీఎఫ్‌లో పెట్టండి. నిర్వాహకుల లాప్‌టాప్‌లో మీ తెలుగు ఫాంట్ లేకపోతే అక్షరాల స్థానంలో పెట్టెలు కనిపిస్తాయి, పీడీఎఫ్‌లో ఆ బాధ ఉండదు. హాల్ వైఫై మీద ఆధారపడి లైవ్ డెమో పెట్టకండి, అందరి ఫోన్లూ దాని మీదే ఉంటాయి. నలభై సెకన్ల వీడియో రికార్డు చేసి లాప్‌టాప్‌లోనే ఉంచుకోండి. హెచ్‌డీఎంఐ కన్వర్టర్ మీదే తెచ్చుకోండి. మూడు నిమిషాలంటే గంట కొట్టేస్తారు, కాబట్టి ఎవరి సమస్య, ఎంత డబ్బు పోతోంది అన్నది మొదటి అర నిమిషంలో రావాలి. కంపెనీ పుట్టుపూర్వోత్తరాలతో మొదలుపెట్టినవాళ్లకు ఎంత కావాలో చెప్పే స్లైడు దాకా సమయం మిగలదు.

ఇక్కడే చాలామందికి తెలియని చట్టం ఒకటి అడ్డొస్తుంది. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 42. ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌లో, అంటే ఎంచుకున్న కొద్దిమందికే, షేర్లు ఇచ్చే కంపెనీ ఆ సంగతి ప్రజలకు తెలియజేయడానికి ప్రకటనలు, మీడియా, మార్కెటింగ్ మార్గాలు, ఏజెంట్లను వాడకూడదు. ఆఫర్ పేరుపేరునా గుర్తించిన వ్యక్తులకే వెళ్లాలి, ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించకూడదు. ఉల్లంఘిస్తే సేకరించిన మొత్తం లేదా రెండు కోట్లు, ఏది తక్కువైతే అంతదాకా జరిమానా పడవచ్చు, తీసుకున్న డబ్బు వడ్డీతో వెనక్కివ్వాలి. వేదిక మీద వ్యాపారం గురించి, నిధులతో ఏం చేస్తారో గురించి చెప్పుకోవచ్చు. "షేరు ధర ఇంత, ఇన్ని షేర్లు మిగిలాయి, రండి" అని సోషల్ మీడియాలో పోస్టరు వేస్తే మాత్రం కోరి తెచ్చుకున్న చిక్కే. విలువ, ధర గురించిన మాటలు గదిలో, పేరు తెలిసిన మనిషితోనే.

సదస్సు అయిన రెండు రోజుల్లోపు, మాట్లాడిన ప్రతి ఇన్వెస్టర్‌కూ మెయిల్ వెళ్లాలి. అతను అడిగిన ప్రశ్నకు జవాబు, ఒక పీడీఎఫ్, అంతే. ఆ తర్వాత నెలనెలా నాలుగు లైన్లు రాయండి. ఎన్ని అమ్మాం, ఎంత వచ్చింది, ఏది అనుకున్నట్టు కాలేదు. బస్సు టికెట్ల సంస్థ రెడ్‌బస్ తొలి రోజుల్లో వ్యవస్థాపకుడు ఫణీంద్ర సామ బృందానికి తోడు నిలిచింది టై (పారిశ్రామికవేత్తల సంఘం) బెంగళూరు విభాగం మార్గదర్శకులే. తొలి పెట్టుబడి సీడ్‌ఫండ్ అనే వెంచర్ ఫండ్ నుంచి వచ్చింది, 2013లో కంపెనీ ఐబిబో గ్రూపు చేతికి వెళ్లింది. అలాంటి తోడు ఒక్క మధ్యాహ్నంలో దొరకదు. టీ-హబ్, వీ-హబ్ లాంటి స్టార్టప్ కేంద్రాల్లో, ఇప్పుడు మంగళగిరిలోని రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌లో మార్గదర్శకులతో కూర్చునే గంటల విలువ డెమో డే కన్నా ఎక్కువని మా అభిప్రాయం.

టర్మ్ షీట్ వచ్చిందంటే స్వీట్లు పంచుతారు. అందులో గోప్యత, వేరేవాళ్లతో మాట్లాడకూడదన్న షరతు, ఖర్చుల భరింపు తప్ప మిగతావి సాధారణంగా చట్టపరంగా కట్టుబడేవి కావు. వేరేవాళ్లతో మాట్లాడకూడదన్న ఆ గడువు 45 నుంచి 60 రోజులకు మించకుండా చూసుకోవాలి. వాళ్ల లాయరు ఫీజు మీరే భరించాలని ఉంటే, దానికి గరిష్ఠ పరిమితి రాయించాలి. విలువ విషయంలో ఒక మెలిక ఉంది. 8 కోట్ల ప్రీ-మనీ (పెట్టుబడికి ముందు విలువ) మీద 2 కోట్లు పెడితే పోస్ట్-మనీ (పెట్టుబడి తర్వాతి విలువ) 10 కోట్లు, ఇన్వెస్టర్‌కు 20 శాతం. ఉద్యోగులకిచ్చే షేర్ల పూల్ 10 శాతం ప్రీ-మనీలోనే ఉండాలని షరతు పెడితే ఆ పది మొత్తం మీ వాటాలోంచే పోతుంది, మీకు మిగిలేది 70. అంటే నిజంగా మీ కంపెనీకి కట్టిన విలువ 7 కోట్లు. పూల్‌ను పెట్టుబడి తర్వాత అందరి వాటాల్లోంచీ తీస్తే మీకు 72, వాళ్లకు 18.

అంతకన్నా లోతుగా చదవాల్సింది లిక్విడేషన్ ప్రిఫరెన్స్, అంటే కంపెనీ అమ్ముడైతే డబ్బు ముందు ఎవరికన్న షరతు. కంపెనీ చివరికి 5 కోట్లకే అమ్ముడైందనుకోండి. ఈ క్లాజు లేకపోతే 20 శాతం ఉన్నవాళ్లకు కోటి వస్తుంది. పెట్టినంతే (ఒక రెట్టు), నాన్-పార్టిసిపేటింగ్ (మిగిలినదాంట్లో వాటా లేనిది) అయితే ముందు తమ 2 కోట్లు తీసుకుంటారు, మీకు 3 కోట్లు. ఇది న్యాయమైనదే, ఒప్పుకోవచ్చు. పార్టిసిపేటింగ్ అయితే 2 కోట్లు తీసుకుని, మిగిలిన 3 కోట్లలోనూ 20 శాతం, మొత్తం 2.6 కోట్లు. రెండింతలు అని రాస్తే 4 కోట్లు వాళ్లవే. పూల్ దగ్గర ఒక శాతం కోసం వారం రోజులు వాదించి ఈ క్లాజు చదవకుండా సంతకం పెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. తర్వాతి రౌండ్‌లో ధర పడితే పాత ఇన్వెస్టర్‌కు అదనపు షేర్లిచ్చే యాంటీ-డైల్యూషన్ క్లాజు 'బ్రాడ్-బేస్డ్ వెయిటెడ్ యావరేజ్' (అన్ని షేర్ల సగటు లెక్కతో ధర సవరించేది) అయి ఉండాలి. 'ఫుల్ రాచెట్' (పాత ధరను పూర్తిగా కొత్త ధరకే దించేది) అని కనిపిస్తే పెన్ను కింద పెట్టండి.

డబ్బు తీసుకునే వరుస తప్పితే నష్టం పెద్దది. రిజిస్టర్డ్ వాల్యూయర్ నివేదిక, బోర్డు తీర్మానం, వాటాదారుల ప్రత్యేక తీర్మానం, దాన్ని రిజిస్ట్రార్‌కు ఎంజీటీ-14 ఫారంలో దాఖలు చేయడం, అప్పుడు వ్యక్తి పేరు మీద పీఏఎస్-4 ఆఫర్ లేఖ. డబ్బు విడిగా తెరిచిన బ్యాంకు ఖాతాలోకి, బ్యాంకు మార్గంలోనే రావాలి. అరవై రోజుల్లో షేర్లు కేటాయించాలి. లేదంటే తర్వాతి పదిహేను రోజుల్లో తిరిగివ్వాలి, ఆ గడువూ దాటితే 12 శాతం వడ్డీ. కేటాయించిన పదిహేను రోజుల్లో పీఏఎస్-3 (షేర్ల కేటాయింపు వివరాల ఫారం) దాఖలు చేయాలి, అది చేసేదాకా ఆ డబ్బులో రూపాయి కూడా ముట్టకూడదు. సదస్సులో కలిసిన ఏంజెల్ ఉత్సాహంగా పది లక్షలు కరెంట్ ఖాతాకు పంపేస్తే, కంపెనీ అవి జీతాలకు వాడేస్తే, మొత్తం వరుస తలకిందులవుతుంది. అరవై రోజుల్లో షేర్లివ్వక, ఆ తర్వాతి పదిహేను రోజుల్లో తిరిగివ్వకపోతే అది డిపాజిట్‌గా మారి కొత్త తంటా. ఫండ్ పెట్టే పెట్టుబడికి షేర్లు డీమ్యాట్‌లో ఉండాలి. ఐఎస్ఐఎన్ (డీమ్యాట్‌లో షేర్లకిచ్చే గుర్తింపు సంఖ్య) తెచ్చుకోవడానికి వారాలు పడుతుంది కనుక టర్మ్ షీట్ కోసం ఆగకుండా ముందే దరఖాస్తు చేయండి. ఏంజెల్ ట్యాక్స్ (షేర్ల న్యాయమైన విలువకు మించి వచ్చిన పెట్టుబడి మీద పన్ను) అని అందరూ భయపడిన సెక్షన్‌ను 2024 జూలై బడ్జెట్‌లో రద్దు చేశారు. అందువల్ల వాల్యుయేషనే అక్కర్లేదన్న ప్రచారం తప్పు, కంపెనీల చట్టం, ఫెమా (విదేశీ మారక చట్టం) అవసరాలు అలాగే ఉన్నాయి.

మన వాళ్లకు డబ్బు తరచుగా డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో బావగారో క్లాస్‌మేటో పంపిస్తారు. ఎన్నారై లేదా ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే) కార్డున్నవారు తిరిగి విదేశానికి తీసుకెళ్లని పద్ధతిలో పెడితే, అది దేశీయ పెట్టుబడితో సమానం. తీసుకెళ్లే పద్ధతిలో అయితే షేర్లు కేటాయించిన 30 రోజుల్లో రిజర్వ్ బ్యాంకు పోర్టల్‌లో ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం వేయాలి, ధర న్యాయమైన విలువకు తగ్గకూడదు. ఏ పద్ధతో డబ్బు పంపకముందే కాగితం మీద రాసుకోండి. తర్వాత మారుస్తామంటే బ్యాంకు ఒప్పుకోదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు తీసుకోనివారు మొదటి పద్ధతిలో రారు, ఇంటిపేరు మనదే అయినా సరే.

ఇక మోసాలు. "మీ ప్రాజెక్టు మా విదేశీ ఫండ్‌కు నచ్చింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఫోన్ చేసేవాళ్లు సదస్సుల జాబితాల నుంచే నంబర్లు తీసుకుంటారు. అసలు ఫండ్ ఏదీ ముందు డబ్బు అడగదు. మధ్యవర్తి తన కమిషన్ డబ్బు ఖాతాలో పడ్డాక అడగటం వేరు, పడకముందే నెలవారీ రుసుము అడగటం వేరు. పిచ్ చేయడానికే భారీ ఫీజు వసూలు చేసే సదస్సులుంటే, గతేడాది అక్కడ పిచ్ చేసిన ఐదు కంపెనీలకు ఫోన్ చేసి అడగండి. ఇన్వెస్టర్లు చివరిదాకా కూర్చున్నారా, ఎవరైనా రెండో సమావేశానికి పిలిచారా అని.

చివరగా మీ బిజినెస్ డెస్క్‌కు ఒక మనవి. సదస్సు అయిన ఆరు నెలలకు, ఆనాడు మీరు పేరు రాసిన కంపెనీల పీఏఎస్-3 ఫారాలు కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో చూడవచ్చు. అవి బహిరంగ పత్రాలే, ఒక్కో కంపెనీకి రుసుము 100 రూపాయలు. ఎన్ని షేర్లు, ఏ ధరకు, ఏ తేదీన కేటాయించారో అందులో ఉంటుంది. కన్వర్టిబుల్ నోట్ (తర్వాత షేర్లుగా మారే అప్పు) రూపంలో తీసుకుంటే అక్కడ కనిపించదు, దానికి కంపెనీని అడగాలి. ఇరవై కంపెనీలకు రెండు వేలు ఖర్చు. ఆ వార్త మొదటి పేజీలో రాకపోయినా పర్వాలేదు, బిజినెస్ పేజీలో ఒక చిన్న పట్టికగా వేయండి.

ఇట్లు,
స్టార్టప్‌ల లెక్కలు, కంపెనీ చట్టం పనులు చూసే కొందరు వృత్తి నిపుణులు,
హైదరాబాద్